ముందుకి జానెడు

మా బావ గిస్లాన్‌కి చూపు పోతోందన్న సంగతి అందరికన్నా ముందు నాకే తెలిసింది.

బెల్జియంలోని జ్యుమె ఊళ్ళో అద్దాల కార్ఖానాలో మేమిద్దరం ఒకే కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళం. కరిగిన గాజుని ఇనపగొట్టం చివర ముద్దగా చుట్టి అందించడం నా పని. అందుకుని, ఊపిరి పట్టి దాన్ని నిలువెత్తు బుడగగా ఊదడం ఆయన పని. మార్చి నెలలో ఒకరోజు నేను గొట్టం చాపితే, ఆయన చెయ్యి దానికి బెత్తెడు దూరంలో ఉత్త గాలిని పట్టుకుంది. తడుముకుని గొట్టం దొరకబుచ్చుకున్నాడు గానీ నా వంక చూడలేదు.

ఏళ్ళ తరబడి ఆ మంటలోకి చూసినవాళ్ళ కళ్ళు చివరికి పాలు పోసినట్టు తెల్లబడతాయి. అలాంటి ముసలివాళ్ళు మా వీధిలో నలుగురున్నారు. అయితే వాళ్ళంతా అరవై దాటినవాళ్ళు. మా బావకి ముప్పై నాలుగు.

ఆ సాయంత్రం పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే అడిగాను.

"కళ్ళకేమైంది బావా?"

"పొగరా."

"పొగ కాదు."

"అయితే నీ మొహం. పొద్దస్తమానం అదే చూసి చూసి కళ్ళు విసిగిపోయాయి." నవ్వాడు. అంతలోనే నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. "మీ అక్కకి తెలిసిందో, నీ పళ్ళు తీసి నీ చేతిలో పెడతాను. జట్టు మాస్టారికి తెలిసినా అంతే. ఆగస్టు అయిపోనీ, నేనే చెప్తాను."

ఆగస్టులో ఆంట్వెర్ప్ నగరంలో నాలుగు దేశాల జిమ్నాస్టిక్స్ పోటీ. దేశాల మధ్య అలాంటి పోటీలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. మా బెల్జియం జట్టులో ఆరుగురు. అందులో గుర్రం దూకడంలో మా బావని మించినవాడు లేడు. గుర్రమంటే తోలు తొడిగిన చెక్క మొద్దు, భుజమెత్తున నాలుగు కాళ్ళ మీద ఉంటుంది. దాన్ని పొడుగునా దూకాలి. పరుగెత్తుకొచ్చి, ముందున్న చెక్కపలక మీద కాళ్ళు తన్ని, గాల్లో సాగి, గుర్రం అవతలి కొసన చేతులు ఆన్చి, కాళ్ళు విడదీసి అటుపక్క ఇసకలో దిగాలి.

ఆ జట్టుకి ఏడోవాణ్ణి నేను. ఎవరికైనా దెబ్బ తగిలితే దిగేవాణ్ణి.

నేను నోరు విప్పితే ఆ చోటు నాదే. బామ్మర్ది బావ చోటు లాక్కున్నాడని ఊరంతా అంటుంది. ఆ మాటంటే నాకు భయమే. ఆ చోటు మీద నాకు ఆశ ఉండడమూ నిజమే. ఏమైతేనేం, నోరు విప్పలేదు. పైగా ఆయనకి సాయపడ్డాను.

"గుర్రం నాకు మబ్బులా ఆనుతుందిరా," అన్నాడు సాధనలో ఒకరోజు. "అది చాలు. పలకే కనపడి చావదు. నేలలో కలిసిపోతుంది."

అందుకని పలక నుంచి తాడుతో కొలిచి నేను ఒక మేకు పాతేవాణ్ణి. ఆయన మేకు దగ్గర నిలబడి, లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ పరుగెత్తేవాడు. సరిగ్గా పదిహేడో అడుగు పలక మీద పడేది. ఆ వేసవంతా ఒక్కసారి కూడా తప్పలేదు. మాకు జిమ్నాస్టిక్స్ నేర్పే ఫుల్జాన్స్ మాస్టారు పక్కన నిలబడి, "చూసి నేర్చుకో ఓడిలోన్! ఏం గురి, ఏం గురి!" అని నన్ను దెప్పేవాడు.

జెలీ అక్క ఒకనాడు భోజనాల బల్ల తుడుస్తూ అడిగింది. "మీ బావ బీరు గ్లాసులో కాకుండా బల్ల మీద పోస్తున్నాడేంట్రా ఈమధ్య?"

"నేను చూళ్ళేదక్కా."

"నువ్వు చూడనిదేముంది ఆయన సంగతి?" అంది. నేను టోపీ తీసుకుని బయటపడ్డాను.

పోటీ రోజు పొద్దున వాన పడి వెలిసింది. ఆకాశం మాత్రం విడవలేదు. జెండాలు తడిసి కర్రలకి అంటుకుపోయి ఉన్నాయి. జనం గొడుగులు మూసుకోకుండానే నిలబడ్డారు. నేను ముందుగానే మైదానంలోకి వెళ్ళి, తాడుతో కొలిచి గడ్డిలో మేకు పాతాను. నాకిచ్చిన పని గుర్రం అవతల ఇసకని పారతో సరిచెయ్యడం. అంటే గుర్రం పక్కన, పరుగెత్తి వచ్చేవాళ్ళకి ఎదురుగా నిలబడాలి.

ప్రతివాడికీ రెండు దూకుళ్ళు. మొదటిది మా బావ దూకిన తీరు చూసి, ఫ్రాన్సు వాళ్ళు కూడా టోపీలు తీసి ఊపారు. దిగిన చోట పాదం అంగుళం కదల్లేదు. ఇసక సరిచేస్తుంటే నా పక్కనుంచి పోతూ, "మొహం మాడ్చుకోకురా, ఇంకొక్కటే," అన్నాడు.

రెండో వరసలో ఒక ఫ్రెంచి అతను పలక దగ్గర జారి మోకాలి మీద పడ్డాడు. అక్కడ నేల చిత్తడిగా ఉందని వాళ్ళ నాయకుడు గొడవపెట్టాడు. న్యాయనిర్ణేతలు వచ్చి చూసి తలలూపారు. ఇద్దరు పనివాళ్ళు పలకని ఎత్తి, గుర్రానికి ఇంకో జానెడు ఎడంగా, పరుగెత్తి వచ్చేవాళ్ళ వైపుకి జరిపి ఆరిన గడ్డి మీద పెట్టారు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కళ్ళున్నవాడికి చెప్పక్కర్లేదు కదా.

తర్వాతి వంతు మా బావదే.

ఆయన అప్పటికే మేకు దగ్గర నిలబడి అరచేతులు తుడుచుకుంటున్నాడు. మాస్టారు ఎక్కడో దూరాన ఉన్నాడు. దూకేవాడితో మాట్లాడకూడదన్నది నియమం. నా పక్కనున్న న్యాయనిర్ణేతకి మా భాష రాదని గుర్తొచ్చి, గొంతెత్తి అరిచాను.

"బావా! ముందుకి! ముందుకి జానెడు!"

ఆ పెద్దమనిషి వేలు చూపించి నన్ను గదిమాడు. అక్కడ మా బావ విన్నానన్నట్టు చెయ్యెత్తాడు. ఇక ఫరవాలేదనుకున్నాను. పలక ఆయన వైపుకి జానెడు వచ్చింది కాబట్టి, ఆయన జానెడు వెనక్కి తగ్గాలి.

ఆయన మేకు దాటి జానెడు ముందుకి వచ్చి నిలబడ్డాడు.

ఎందుకిటు వచ్చాడా అనుకున్నాను. అప్పుడు వెలిగింది. నేను ఆయనకి ఎదురుగా ఉన్నాను. నా ముందుకి అంటే ఆయన వైపు. ఆయన ముందుకి అంటే గుర్రం వైపు. పలక జానెడు దూరం పోయిందనుకుని ఆయన దాని వెనకే జానెడు వచ్చాడు. దాంతో లెక్క రెండు జానలు తప్పింది.

పరుగు మొదలుపెట్టమనే జెండా ఇంకా పడలేదు. రెండు ఊపిర్లు పీల్చేంత వ్యవధి ఉంది. ఒక్క కేకకి అది చాలు.

జెండా పడింది.

పదిహేడో అడుగు పలక దాటి తడిగడ్డి మీద పడింది. ఒళ్ళు పైకి లేవలేదు. ఆ పరుగంతా గుర్రం కొసకి రొమ్ముతో, గడ్డంతో తగిలింది. గుర్రం కాళ్ళు నేలలో పాతి ఉన్నాయి, అది కదల్లేదు. మా బావ వెనక్కి విరుచుకుని, నడుము పలక అంచు మీద పడేలా కూలాడు. బ్యాండువాళ్ళు చూసుకోలేదో ఏమో, ఇంకాసేపు వాయిస్తూనే ఉన్నారు.

నలుగురు వచ్చి ఆయన్ని తలుపుచెక్క మీద మోసుకుపోయారు. నేను వెనకే పోబోతే మాస్టారు నా భుజం పట్టుకున్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చొక్కా విప్పు ఓడిలోన్. ఆ రెండో దూకుడు నువ్వు దూకాలి. ఆరుగురు లేకపోతే మన లెక్క కొట్టేస్తారు."

"మాస్టారూ, నావల్ల కాదు."

"అతని కోసం దూకరా."

దూకాను. నా జన్మలో అంత బాగా అంతకుముందు దూకలేదు, ఆ తర్వాతా దూకలేదు. జనం చప్పట్లు కొట్టారు. మా జట్టుకి రెండో స్థానం వచ్చింది.

ఆసుపత్రిలో మా బావ మూడో రోజుకి మాట్లాడాడు. నడుము కిందినుంచి కాళ్ళు చచ్చుబడ్డాయని అప్పటికే డాక్టరు చెప్పాడు.

"ఎవరి ముందుకిరా?" అన్నాడు.

నేను తల దించుకున్నాను.

"నీ ముందుకి. అంతేగా?" ఆయన కళ్ళు కప్పు వైపే ఉన్నాయి. "మీ అక్కకి కాలు జారిందని చెప్తాను. నువ్వూ అదే చెప్పు."

అదే చెప్పాను. మరుసటి ఏడు మాస్టారు జట్టులోకి రమ్మని రెండుసార్లు కబురు పంపాడు. నేను వెళ్ళలేదు. కొలిమి దగ్గర బావ గొట్టం నాకిచ్చారు. రోజూ పని దిగగానే అక్క ఇంటికి పోయి, బొగ్గులు లోపల పెట్టి, ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి సాయం పట్టేవాణ్ణి. ఆ చలికాలానికి ఆయన చూపు పూర్తిగా పోయింది. ఒకప్పుడు నన్ను ఏడిపించనిదే అన్నం తినని మనిషి, రోజంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక ఆదివారం అక్క వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. కత్తి ఆపకుండానే అక్క అంది:

"ముందుకి అని అరిచింది నువ్వేనటగా."

"బావ చెప్పాడా?"

"నిద్దట్లో. రోజూ అదే మాట, మధ్యలో నీ పేరు. చాలా రోజులైంది నాకు తెలిసి." ఇంకో దుంప తీసుకుంది. "నోరు జారడం ఎవరికైనా ఉంటుంది. దానికి నిన్నేమీ అనను. ఎదురుగానే ఉన్నావుగా, ఆయన ముందుకి జరగడం చూశావు కదా. చూశాక ఏం చేశావు?"

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. అబద్ధం చెప్పాలని వెతికాను. దొరకలేదు.

"ఏమీ చెయ్యలేదక్కా."

కత్తి పక్కన పెట్టింది. కొడుతుందనుకున్నాను, పొమ్మంటుందనుకున్నాను. లేచి, నీళ్ళు తొట్టెలోకి వంచి, చన్నీళ్ళు కలిపి, తువ్వాలు భుజాన వేసుకుంది.

"పద. ఆయనకి వీపంతా పుళ్ళు పడ్డాయి, కడగాలి. నేనొక్కదాన్నే తిప్పలేను," అంది.

లోపలికి వెళ్ళాం. నేను మా బావ చంకల కింద చేతులు పెట్టి ఆయన్ని అటువైపు తిప్పి పట్టుకున్నాను. ఒంట్లో బరువే లేదు. అక్క కడగడం ముగించేదాకా అలాగే పట్టుకుని ఉన్నాను.