వీపు తోమే చెయ్యి

జర్మనీలోని రూర్ ప్రాంతంలో ఎవరినైనా "మీదే ఊరు?" అని అడిగితే ఊరి పేరు చెప్పరు, కంపెనీ పేరు చెబుతారు. ఉక్కువాళ్ళు, కరెంటువాళ్ళు, బొగ్గువాళ్ళు. ఉన్నవి మూడే కులాలు. డెట్లెఫ్ పియోంటెక్ బొగ్గువాడు. తాత పోలండ్ నుంచి వచ్చి ఔగుస్టె గనిలో దిగాడు. ఆ తర్వాత తండ్రి దిగాడు, ఆ తర్వాత తను. పుట్టిన ఆసుపత్రి కంపెనీది, ఉంటున్న ఇల్లు కంపెనీది. ఇంత లావు కంపెనీలకు కూడా చావుంటుందని అక్కడ ఎవరికీ తట్టలేదు. ఉక్కువాళ్ళు పక్కింటి బొగ్గు మానేసి సముద్రం అవతలి నుంచి చవక బొగ్గు తెప్పించుకోవడం మొదలుపెట్టాకే తట్టింది.

బొగ్గు కంపెనీ పెద్దల సభలో సగం కుర్చీలు కార్మికులవి. అందులో ఒకటి డెట్లెఫ్‌ది. కిందటి వసంతంలో ఎస్సెన్‌లోని అద్దాల మేడలో ఆ సభ జరిగింది. ఉన్న రెండు గనుల్లో ఒకటి మూసెయ్యాలి, లేదంటే రెండూ పోతాయి. ఔగుస్టెలో బొగ్గు పొర పలచబడింది, రెండోదానిలో ఇంకా దిట్టంగా ఉంది. ఔగుస్టెను వదులుకుంటే ఒక్కరిని కూడా రోడ్డున పడనివ్వబోమని పెద్దలు మాటిచ్చారు. కుర్రవాళ్ళకు రెండో గనిలో పని, వయసు మళ్ళినవాళ్ళకు ముందే పింఛను. డెట్లెఫ్ కుడిచెయ్యి ఎత్తాడు. తన గనిని మూయడానికి తనే ఎత్తాడు.

అప్పటినుంచి అతని వీపు ఎవరూ తోమడం లేదు.

గనివాళ్ళకు ఇదెంత మాటో బయటివాళ్ళకు తెలీదు. షిఫ్టు దిగి పైకొచ్చాక అందరూ ఒకే పెద్ద స్నానాలగదిలో నిలబడతారు. ఒంటికి పట్టిన మసి ఎవరిది వాళ్ళే కడుక్కుంటారు గానీ వీపుకు చెయ్యి అందదు కదా. పక్కవాడికి వీపు చూపిస్తే వాడు తోముతాడు. అడగడం ఉండదు, థాంక్స్ చెప్పడం ఉండదు. తర్వాత వాడు తిరుగుతాడు, వీడు తోముతాడు. మేనేజరైనా, నిన్న చేరిన కుర్రాడైనా అంతే. డెట్లెఫ్ వీపు ఏళ్ళ తరబడి తోమింది సబ్రి. టర్కీలోని జొంగుల్‌దాక్ నుంచి వాళ్ళ నాన్న వెంట వచ్చి ఇక్కడే మీసాలు నెరిసినవాడు, బొగ్గు తవ్వే చోట డెట్లెఫ్ జోడీ.

సభ మర్నాడు డెట్లెఫ్ అలవాటుగా సబ్బు తీసుకుని సబ్రి వెనక్కి వెళ్ళాడు. సబ్రి గిరుక్కున తిరిగాడు.

"ఆ చెయ్యి నా వీపు మీద పెట్టకు."

"సబ్రీ, అలా ఒప్పుకోకపోతే రెండు గనులూ పోయేవి రా."

"గనుల సంగతి నాకు చెప్పకు, లెక్కలు నాకూ వచ్చు. మొన్న నా వెనక నిలబడి వీపు తోముతున్నప్పుడు నీకు తెలుసా, తెలీదా?"

డెట్లెఫ్‌కు తెలుసు. విషయం బయటికి పొక్కనివ్వబోమని కార్మికుల కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరూ మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. అంత నిజాయితీ ఎవడిక్కావాలి?

"చెయ్యేమో నా వీపు మీద, నోటికేమో తాళం," అన్నాడు సబ్రి. "పో, ఆ అద్దాల మేడవాళ్ళ చేతే తోమించుకో."

స్నానాలగదిలో నవ్వులు రేగాయి. ఆ తర్వాత ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. గనిలో దిగేటప్పుడు "గ్లుక్ ఔఫ్" అనే దీవెన ఎవరికీ ఎగ్గొట్టకూడదు కాబట్టి అది మాత్రం ముక్తసరిగా పడేసేవారు. పైకొచ్చాక డెట్లెఫ్ మూలనున్న షవరు కింద ఒక్కడే నిలబడేవాడు. వెన్ను మధ్య ఒక నల్లచార అలాగే ఉండిపోయేది. ఇంటికొచ్చాక భార్య మార్లీస్ తొట్టె పక్కన కూర్చుని బ్రష్షుతో రుద్దేది.

"పెళ్ళైన ఇన్నాళ్ళకు నీ వీపు నల్లగా చూసే భాగ్యం దక్కింది," అంది మొదటిరోజు, నవ్వించబోయి. అతను నవ్వకపోయేసరికి మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

వేసవి గడిచింది, ఆకులు రాలాయి. డెట్లెఫ్‌కు కోపం కూడా రావడం మానేసింది. అలసట ఒక్కటే మిగిలింది. నిద్రపోయినా తీరని అలసట. చెయ్యెత్తినందుకు అతనికి పశ్చాత్తాపం లేదు, మళ్ళీ అడిగినా ఎత్తుతాడు. కానీ ఆ వీపు వెనక నిలబడి నోరు విప్పకపోవడం, అదొక్కటే గొంతులో ముల్లులా ఉండిపోయింది. గని మూతపడితే స్నానాలగదీ మూతపడుతుంది. ఆలోగా సబ్రి వీపు తిప్పకపోతే ఇక ఎన్నటికీ తిప్పడు.

ఆఖరి షిఫ్టు రోజు బ్యాండు మేళం వచ్చింది. ఎస్సెన్ నుంచి పెద్దలు వచ్చి, పెట్టె మడతలు పోని తెల్లటి గని బట్టలు తొడుక్కుని, కిందికి దిగి ఫొటోలు దిగి, దిగినంత తెల్లగా పైకెళ్ళారు. వాళ్ళ వీపులకు ఎవరి అవసరమూ లేదు. చివరి బొగ్గుపెళ్ళను చేతులు మార్చుకుంటూ ఉపన్యాసాలిచ్చారు. కుటుంబం, కుటుంబం అని ఒకటే పాట.

పనివాళ్ళు చివరగా పైకొచ్చారు. గని లిఫ్టులో కిక్కిరిసి నిలబడటంతో డెట్లెఫ్‌కు సబ్రి పక్కనే చోటు దొరికింది. తడిగోడలు కిందికి జారిపోతున్నాయి.

"సబ్రీ," అన్నాడు డెట్లెఫ్. "చెయ్యెత్తినందుకు నిన్ను క్షమించమనను. నీకు ముందుగా చెప్పనందుకు అడుగుతున్నా. ఎవడికి మాటిచ్చినా నీకు చెప్పి ఉండాల్సింది. తప్పు చేశాను రా."

సబ్రి గోడకేసే చూస్తున్నాడు.

స్నానాలగదిలో డెట్లెఫ్ ఎప్పట్లాగే మూలకు పోయాడు. ముఖం కడుక్కున్నాడు, మెడ రుద్దుకున్నాడు. కళ్ళల్లో సబ్బునురగ తుడుచుకుని చూసేసరికి ఎదురుగా ఒక వీపు ఉంది. భుజం దగ్గర బొగ్గుపెళ్ళ గీసిన పాత నీలిమచ్చ. ఆ మచ్చ డెట్లెఫ్‌కు తన అరచెయ్యంత బాగా తెలుసు.

"ఏం చూస్తున్నావ్? తోము."

డెట్లెఫ్ సబ్బును ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో మొదలుపెట్టాడు.

"ఒరేయ్," అన్నాడు సబ్రి తల తిప్పకుండానే. "ఎడమచెయ్యి నీకు ఏనాడు తిన్నగా వచ్చింది గనక? కుడిచేత్తో తోము."

కుడిచేత్తో తోమాడు. నల్లనీళ్ళు నడుం మీదుగా జారి కాలువలో పడ్డాయి.

"ఇటు తిరుగు," అన్నాడు సబ్రి.

సబ్రి రుద్దుడుకు డెట్లెఫ్ వీపు భగభగ మండింది. మసి ఎప్పుడో పోయింది, అయినా సబ్రి ఆపలేదు. డెట్లెఫ్ గోడకు రెండు చేతులూ ఆన్చి, ఏడుస్తూ, చాలు అనకుండా అలాగే నిలబడ్డాడు.