వాల్వు మూతి మీద కుంకుమ

...బుడగ ఇంకా పగల్లేదు. జీపు టైరు వాల్వు మూతి మీద తిరుమలయ్య రాసిన ఉమ్మి తడి మెల్లగా బుడగై లేచింది. ఎర్రటి బుడగ. ఎండలో వణుకుతూ, పెరుగుతూ.

గంగాధరం ఆ ఎరుపును గుర్తుపట్టాడు. గుర్తుపట్టనట్టు నిలబడ్డాడు.

"ఏమప్పా, నీ జీపుకి ఉబ్బసమా ఏంది? వారం వారం గాలి పోతా ఉండాది!"

తిరుమలయ్య పంక్చర్లు వేయడంలోనే తల నెరిసినవాడు. వాల్వులోంచి పిన్ను విప్పి అరచేతిలో దులిపాడు.

"సూడబ్బా. కుంకం. పిన్ను కాడ గూడా వదులైపొయ్యింది, ఎవురో దినామూ వేలు పెట్టి ఒత్తినట్టు. బండికి బొట్టు పెట్టొచ్చు గానీ, గొంతులో పోస్తే ఎట్ల?"

గంగాధరం నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది.

ఎవరో కాదు. దేవకమ్మ. అతని భార్య.

ప్రతి శుక్రవారం తెల్లవారగానే తలకు పోసుకుని, తడి జుట్టుతో జీపు చుట్టూ తిరుగుతుంది. ఒక్కో చక్రం దగ్గరా కూర్చుంటుంది. వాల్వు మూత విప్పుతుంది. ఉంగరపు వేలితో కుంకుమ పెట్టి, లోపలికి ఒత్తుతుంది. మళ్ళీ మూత పెడుతుంది.

"మూత మింద పెడితే మూతకే గదా సేరేది," అంది ఒకసారి. "దాని ఊపిరి లోపల ఉండాది."

రెండేళ్ళ కిందట, నాయుడుపేట దగ్గర, ముందు టైరు పగిలి జీపు పల్టీ కొట్టింది. అతను బతికాడు. ఒక కాలు ఈడుస్తాడు, అంతే.

దేవకమ్మకే నిద్ర కరువైంది. జీపు ఇంటికి చేరేదాకా ముద్ద ముట్టేది కాదు. ఎక్కడ హారన్ మోగినా గుమ్మంలోకి పరుగెత్తేది.

కుంకుమ మొదలుపెట్టాకే తిన్నది. పడుకున్నది. ఒకరోజు నవ్వింది కూడా.

ఆ కుంకుమే గాలి తీస్తోందని... ఎలా చెప్పడం?

తిరుమలయ్య కొత్త పిన్నులు వేశాడు. శుక్రవారం వచ్చింది. వేలూ వచ్చింది.

గాలి చప్పుడు లేకుండా పోతుంది. మేకు దిగితే తెలుస్తుంది. కన్నం పడితే తెలుస్తుంది. ఇది తెలియదు... నీడ జరిగినట్టు, రోజుకింత. గంగాధరం పొద్దున్నే కాలి పంపుతో గాలి కొట్టేవాడు. కొట్టినంతసేపూ ఆ మాట గొంతుదాకా వచ్చేది. పంపుతో పాటే కిందికి దిగేది.

ఒక గురువారం. కాణిపాకం దారి. పదకొండు మంది భక్తులు, అందులో ఒక చంటిబిడ్డ. మలుపులో బండి ఎడమకు లాగేసింది. కల్వర్టు గోడకు జానెడు దూరంలో జీపు ఆగింది.

వెనక ఎడమ టైరు... చప్పగా, రోడ్డుకు అతుక్కుని.

"దేవుడు సల్లగా సూసినాడు," అంది బిడ్డ తల్లి.

ఇన్నాళ్ళూ దేవకమ్మను భయం నుంచి కాపాడుతున్నాననుకున్నాడు గంగాధరం. కాదేమో. ఆమె భయపడితే చూడలేని తనను తాను కాపాడుకుంటున్నాడు.

ఆ బిడ్డను పణంగా పెట్టి.

మర్నాడు శుక్రవారం.

దేవకమ్మ కుంకుమ భరిణతో వచ్చింది. జుట్టు కొసల నుంచి నీళ్ళు మట్టిలో పడుతున్నాయి. వెనక చక్రం దగ్గర అతను ముందే కూర్చుని ఉన్నాడు, ఈడ్చే కాలు చాపుకుని.

"ఈడేం పని నీకు? లెయ్యయ్యా, పొద్దు పోతా ఉండాది."

లేవలేదు. నిన్నటి మలుపు నోట్లో ఉంది. కల్వర్టు నోట్లో ఉంది. ఏదీ బయటికి రాలేదు.

ఆమె వంగి, మూత విప్పబోయి, అతని ముఖం చూసింది. వేలు గాలిలో ఆగింది. వేలి కొసన ఎరుపు.

అతను మూతను మరో చుట్టు బిగించాడు. దాని మీద తన బొటనవేలు ఆనించాడు.

"ఈడ పెట్టుమే, ఈ వేలి మింద," అన్నాడు.