మాడు కింద ఏరు

ఆ ఇంట్లో తెల్లవారుతూనే ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంది. ముందు గది లాండ్రీ, వెనక గది కాపురం. ఆ వెనక గదిలో పన్నెండు రోజుల బాలింత మంచం అంచున కూర్చుని, పిండిన పాలు సీసాలో పోసి, మూత మీది కాగితంపై టైము రాసి భర్త చేతికిచ్చింది. పైకి ముచ్చటైన సంసారమే. కానీ చదివే మీరు కాస్త ఆగి చూడండి. పాలు రోజూ బిడ్డ దగ్గరికి వెళుతున్నాయి. పాలిచ్చిన మనిషి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.

"నిన్న ఏం చేశాడు?" అని అడిగింది.

"నవ్వాడు."

"అప్పుడేనా? సరేలే. ముక్కు ఎవరిది?"

"మీ నాన్నది."

"మొన్న మీ అమ్మదన్నావుగా. రోజుకో ముక్కు మొలుస్తోందా వాడికి? పోనీ ఒక ఫోటో అయినా తీసుకురా."

"ఫోన్లు లోపలికి రానివ్వరు" అంటూ అతను సంచి తీసుకుని గబగబా బయటపడ్డాడు.

నిజానికి అతను కొడుకు ముక్కు సరిగ్గా చూసిందే లేదు. ముక్కులో గొట్టం, గొట్టం మీద ప్లాస్టరు. పుట్టగానే బిడ్డ ఏడవలేదు. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. రెండో రోజు ఫిట్స్ వస్తే పెద్దాసుపత్రికి తరలించారు. ఆపరేషన్ చేయించుకుని పడుకున్న తల్లికి మాత్రం "కామెర్లట, లైటు కింద పెట్టారు" అని చెప్పారు. ఆ ఆలోచన అత్తగారిది. "కుట్లు పచ్చిగా ఉన్నాయి. తెలిస్తే బెంగతో పాలు ఇంకిపోతాయి. వాడు ఇంటికొచ్చాక చెబుదాంలేరా" అని కొడుకు నోరు కట్టేసింది. ఆమె చెడ్డమనిషి కాదు. కోడలిని తన కంచం కూడా ఎత్తనివ్వదు. మన ఇళ్ళలో ఇలాంటి అబద్ధాలు చెప్పేవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు, వచ్చిన తంటా అదే.

వీధిలో ఏ పిల్ల ఏడ్చినా ఆ బాలింత జాకెట్టు తడిసిపోయేది. తన బిడ్డ ఏడుపు ఎలా ఉంటుందో మాత్రం ఆమెకు తెలియదు.

పెద్దాసుపత్రిలో స్కానింగ్ చేసే ఆవిడను అందరూ సైలెంటమ్మ అంటారు. గదిలో ఎవరు అడుగుపెట్టినా "సైలెంట్!" అంటుంది మరి. పసిబిడ్డ నడినెత్తిన ఎముక ఇంకా మూసుకోని మెత్తటి చోటు ఉంటుంది కదా, మాడు. అక్కడ కాస్త జెల్ రాసి యంత్రపు కొనను ఆనిస్తే, లోపల మెదడులో రక్తం ఎలా పారుతోందో తెర మీద కనిపిస్తుంది. నొప్పి లేదు, సూది లేదు. ఒక్కటే చిక్కు: బిడ్డ ఏడిస్తే రక్తం వేగం మారిపోతుంది. ఆ లెక్కను నమ్మడానికి లేదు. ఈ బిడ్డ మీద చెయ్యి వేస్తే చాలు, ఏడుపు.

"వాళ్ళమ్మ ఒంటిమీద వాడిన గుడ్డ ఏదైనా తెండి. ఆ వాసనకు కొంతమంది నెమ్మదిస్తారు" అని ముందురోజే బిడ్డ తండ్రికి చెప్పి పంపింది.

అత్తగారు కోడలు భుజాన వేసుకునే తువ్వాలు తీసింది. పాలచారలు చూసి ఆమె ప్రాణం విలవిల్లాడింది. లాండ్రీ ఇంటినుంచి ఇలాంటి గుడ్డ ఆసుపత్రికి వెళ్ళడమా? రెండుసార్లు ఉతికి, ఆరేసి, మడత చెదరకుండా ఇస్త్రీ చేసి, ఆ ఉదయం కొడుకు వెంట తానే తీసుకెళ్ళింది.

తువ్వాలు చెంపకు ఆనించారు. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చాడు. సైలెంటమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీన్ని ఉతికారా?"

"రెండుసార్లు" అంది అత్తగారు గర్వంగా.

"పెద్దమ్మా! అమ్మ వాసన తెమ్మంటే సబ్బు వాసన తెచ్చారు."

"మురికిగుడ్డ ఎలా తెస్తామమ్మా?"

"వాడికి అది మురికి కాదు, మందు. అయినా గుడ్డ దేనికి? అమ్మనే తీసుకురండి. ఏదీ ఆవిడ?"

కొడుకు నేల చూపులు చూశాడు. "తనకి తెలీదండీ" అన్నాడు.

సైలెంటమ్మ తువ్వాలు తిరిగి పెద్దావిడ చేతిలో పెట్టింది. తర్వాత అంది: "రేపు పదింటికి ఇంకోసారి చూస్తా. అప్పుడూ ఏడిస్తే మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఊపిరి ఇప్పుడిప్పుడే నిలబడుతున్న బిడ్డకి మత్తు ఇవ్వడం డాక్టరుగారికే ఇష్టం లేదు."

ఆ సాయంత్రం భర్త అన్నీ చెప్పేశాడు. ఆమె ఏడవలేదు.

"ఫిట్స్ వచ్చినప్పుడు నేనేం చేస్తున్నాను?"

"నిద్రపోతున్నావు."

"లేపాల్సింది" అంది. అంతే.

మర్నాడు కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళింది. జెల్ తగలగానే బిడ్డ కెవ్వుమన్నాడు. ఆమె విన్న మొదటి ఏడుపు అది. పాదాలు రెండూ అరచేతిలో పట్టుకుని వంగింది. "నేనేరా. నేనే. ఆలస్యమైంది నాన్నా, నాకెవరూ చెప్పలేదురా" అంటూనే ఉంది. ఒక్క మాటతో ఏడుపు ఆగలేదు. పావుగంట పట్టింది. ఏడుపు వెక్కిళ్ళయింది, వెక్కిళ్ళు నిద్రయ్యాయి.

తెర మీద ఎరుపూ నీలమూ మెరిశాయి. యంత్రంలోంచి ఏరు పారుతున్న చప్పుడు.

"ఎర్రది మనవైపు వచ్చే రక్తం. నీలంది అటు పోయేది" అని గుసగుసగా చెప్పింది సైలెంటమ్మ.

"ఇదంతా వాడి తలలోనేనా?"

"వాడి తలలోనే."

ఆమె తెరను తాకబోయి, చెయ్యి గాలిలోనే ఆపేసింది.

పిల్లల డాక్టరు అలవాటు కొద్దీ తండ్రివైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. "నాతో చెప్పండి డాక్టరుగారూ" అందామె. ఆయన కుర్చీ తిప్పుకున్నాడు.

"రక్తం రెండువైపులా బాగానే పారుతోందమ్మా. అంతమాత్రాన గండం గడిచిందనను. నడక, మాట ఆలస్యం కావచ్చు, కాకపోనూవచ్చు. ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాలి."

"ఎత్తుకోవచ్చా?"

"ఇంకో రెండు రోజులు ఆగమ్మా."

వరండా బల్ల మీద అత్తగారు తలవంచుకుని కూర్చుంది. కోడలు మెల్లగా పక్కన కూర్చుంది.

"ఎందుకు దాచారు అత్తయ్యా?"

అత్తగారు తల ఎత్తకుండానే చెప్పింది. "మీ ఆయనకంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులుంది. జ్వరంతో మగతగా పడి ఉన్న నాకు మూడు రోజులూ బాగానే ఉందన్నారు. నాలుగో రోజు పోయిందన్నారు. చూస్తే తట్టుకోలేవని మొహమైనా చూపించలేదు. ముప్ఫయ్యారేళ్ళయిందే అమ్మాయ్. ఇప్పటికీ ఇస్త్రీకి చిన్నపిల్లల గౌను వస్తే, నా కూతురికి ఇది సరిపోయేదా అని చూస్తాను. మొహం తెలీదు, ఏం ఊహించుకోను? నన్ను లేపి ఆ మూడు రోజులూ నాకిచ్చి ఉంటే, ఏడ్చేదాన్నే. కానీ నా బిడ్డను చూసి ఏడ్చేదాన్ని."

ఎదురుగా నిలబడ్డ కొడుక్కి ఈ సంగతి తెలియడం అదే మొదలు. ఆమె కోడలి చేతిని ఒళ్ళోకి తీసుకుని, తల ఎత్తి వాడితో అంది:

"నా మంచికే అని నాకు చేసినదే, దాని మంచికే అని దీనికి చేశానురా. కష్టం దాచిపెడితే తగ్గదు. బిడ్డ సంగతి మంచైనా చెడ్డైనా, ముందు తెలియాల్సింది కన్నతల్లికి."