ఇంకో రెండించులు

స్మిత చేసిన తప్పల్లా ఆ మాట మామగారి ముందు అనడమే.

"ఇందులో ఒక్క కొలత మారిస్తే చాలు మామా, తక్కినవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి."

బేరిగైలో పిండిమిల్లు నడిపే ద్వారకనాథ్‌కు ఇంత రుచికరమైన మాట ఈమధ్య ఎవరూ చెప్పలేదు. మిల్లుకు కొత్త హాపర్ కావాలి. రాగులు పోస్తే మరలోకి జారే పెద్ద రేకు గరాటు అది. కోడలు దాన్ని కంప్యూటర్లో గీయాలి. సరిగ్గా వస్తే వీధిగది ఆమెది, బయటి పనులూ ఒప్పుకోవచ్చు. తేడా వస్తే కంప్యూటర్ మూసి మిల్లులో గల్లా దగ్గర కూర్చోవాలి. ఇదీ ఒప్పందం.

"ఇంకో రెండించులు వెడల్పు చెయ్‌మ్మా," అన్నాడాయన కాఫీ చప్పరిస్తూ. స్మిత అంకె మార్చింది. తెరమీద హాపర్ కాస్త ఒళ్లు చేసింది. ఆయనకు ముచ్చటేసింది. టిఫిను కాగానే మళ్లీ వచ్చాడు.

"మూట మొత్తం ఒకేసారి పట్టాల. ఇంకో రెండించులు."

"మిల్లు వాకిలి కొలిచినారా మామా?"

"పుట్టినప్పట్నుంచి దాంట్లోనే దూరతా ఉండాను. నాకు తెలీదా?"

అత్తగారు వసంతలక్ష్మి కూడా తెరలోకి తొంగిచూసింది. "అతుకు ముందరుందేమే? ఆయుధపూజకు బొట్టు యాడ పెట్టాల?"

రేకు కత్తిరించేందుకు నాలుగు పక్కలా మూసుకున్న గరాటును బొమ్మలో విప్పి చదునుగా పరచాలంటే ఎక్కడో ఒకచోట అతుకు వదలక తప్పదు. స్మిత దాన్ని వెనక్కి మార్చింది. బొట్టుకు చోటు దొరికింది.

సూళగిరిలో రేకుపని చేసే కుమారేశన్ హాపర్‌ను టెంపోలో తెచ్చాడు. తళతళలాడుతోంది. నిలువుగా తోశారు, పక్కకు వంచారు, తలకిందులు చేశారు. మిల్లు వాకిలి ద్వారబంధంలోనే ఇరుక్కుంది. రాగులు పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లంతా తలా ఒక సలహా ఇచ్చారు.

కుమారేశన్ టేపు తీసి చుట్టూ కొలిచాడు. "బొమ్మకూ దీనికీ నూలంత కూడా తేడా లేదు సార్. ఎవురు గీసినారో గానీ బలే గీసినారు. నా దగ్గర ఇంకా పనులుండాయి, ఆయమ్మ చేస్తాదా?"

ద్వారకనాథ్ వాకిలిని చూశాడు, కోడల్ని చూశాడు, గొంతు తగ్గించాడు. "స్మితమ్మా, ఆ కంప్యూటర్లో వాకిలి కొలత ఒకటి మార్చేయకూడదా?"

"వాకిలి నేను గీసింది కాదు మామా."

"అయితే గీయమ్మా. మేస్త్రీని పిలిపిస్తా."

"గీస్తాను. వీధిగదిలో కూర్చుని."

వసంతలక్ష్మి అప్పటికే ఆ గదిలోని ఉల్లిగడ్డల బస్తాలు బయటికి ఈడుస్తోంది. స్మిత కంప్యూటర్ చంకన పెట్టుకుని లోపలికి నడిచింది. వెనకనుంచి మామగారి గొంతు:

"దేనికైనా మంచిది, ఇంకో రెండించులు ఎక్కువే పెట్టమ్మా!"