మూలన కుట్టే పేరు

మధ్యాహ్నం మూడున్నర దాటింది. నాలుగింటికి కొన్నవాళ్ల కారు వస్తుంది. దేవత బొమ్మతో కుట్టిన చమ్కీల జెండా అంతా పూర్తయి కింద మూలన బాస్ పేరు ఒక్కటే మిగిలింది. బెలేర్ కొండ మీది ఆ రేకుల షెడ్డులో పొద్దుటి నుంచీ కరెంటు లేదు. చెమటకు వేళ్ల మధ్య సూది జారిపోతోంది. ఇవ్‌రోజ్ చెయ్యి గౌనుకు తుడుచుకుని మళ్లీ సూది పట్టుకుంది.

ఆంతెనోర్ అనే ఆ పేరు కుట్టడం ఆమె ఒక్కదాని పని. ఆరుగురు ఆడవాళ్లు నెలన్నరపాటు నడుం వంచి, ఒక్కొక్క చమ్కీ మీద ఒక్కొక్క పూస పెట్టి జెండా కుడతారు. చివర్లో బాస్ వచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, "ఇక్కడ" అని మూల చూపిస్తాడు. కూలి రోజుకు ఐదు వందల గూర్దులు. పేరు కుట్టిన రోజు మాత్రం ఇవ్‌రోజ్‌కి ఏడు వందలు. అక్షరాలు ముత్యాల్లా వస్తాయని ఆమెకు ఆ మర్యాద.

బల్ల మీద నున్నటి కాగితాల పుస్తకం ఉంది. నల్లవాళ్ల కళను, ఈ దీవుల పనితనాన్ని మెచ్చుకుంటూ విదేశపు మ్యూజియం వాళ్లు అచ్చు వేయించి పంపారు. నడిమి పేజీలో పోయినేడు ఇక్కణ్ణుంచి వెళ్లిన జెండా. చేపతోకతో, చేతిలో అద్దంతో సముద్రపు తల్లి లాసిరేన్, కింద బాస్ పేరు. సంబరపడవలసిన పుస్తకమే. కాకపోతే సంబరపడవలసిన మనిషి అందులో ఎక్కడా లేదు.

ఆ బొమ్మ గీసింది ఎక్జిలియా. షెడ్డులో అందరికీ అత్త. ఆ సముద్రపు తల్లి కలలోకి వచ్చిందని, వచ్చినట్టే గుడ్డ మీద బొగ్గుతో గీసింది. ఆ జెండా పూర్తయ్యేలోపే ఇరవై రెండేళ్ల చమ్కీ పని ఆమె కళ్లు తినేసింది. "పేరంతా వద్దులేవే పిల్లా. తోక కింద నా పేరులో మొదటి అక్షరం నీలం పూసలతో పెట్టు. ఎవడికీ కనపడదు" అని ఇవ్‌రోజ్‌ని బతిమాలుకుంది. బాస్ చూస్తే పని పోతుందని ఇవ్‌రోజ్ పెట్టలేదు. పెట్టానని మాత్రం చెప్పింది.

అప్పటి నుంచీ అత్త బజారులో అరటికాయలమ్మే వాళ్ల పక్కన కూర్చుని, "నా అక్షరం విమానమెక్కింది తెలుసా" అంటుంది. "దాని టిక్కెట్టు ఎవరు కొన్నారే ముసలీ?" అని వాళ్లు ఏడిపిస్తారు. ఆ దారిన పోయే ఇవ్‌రోజ్ తల దించుకుంటుంది. గుడ్డిమనిషిని మోసం చేశానన్న మాట పడుకున్నా లేచినా ఆమెను వదల్లేదు.

ఇవాళ్టి జెండా కూడా అత్త కన్న కలే. ఆమె చెబుతుంటే వీళ్లు గీశారు.

గుమ్మంలో కర్ర చప్పుడయింది. "పూర్తయిందటగా? ఒకసారి తడిమి పోతాను" అంటూ అత్త లోపలికొచ్చింది.

"కారొచ్చే టైమయింది అత్తా."

"రానీవే. అది నన్నేం ఎక్కించుకోదులే."

ఆమె వేళ్లు తల్లి జుట్టు మీద, అద్దం మీద, పొలుసుల మీద నడిచాయి. "ఈ పొలుసు తిరగబడింది. మిర్లాండ్ కుట్టిందా? దాని మనసు ఎప్పుడూ వీధిలోనే" అంది. పక్కన పూసలు ఏరుతున్న మిర్లాండ్ కిసుక్కున నవ్వింది. వేళ్లు తోక కింద మూలకు దిగి ఆగాయి.

"ఇక్కడేం లేదే."

"ఇంకా పెట్టలేదు అత్తా."

"పోయినసారి పెట్టినట్టే పెడతావా?"

ఇవ్‌రోజ్‌కి కళ్లనీళ్లు వచ్చేశాయి. "పోయినసారి పెట్టలేదత్తా. భయమేసింది. నీతో అబద్ధమాడాను."

"తెలుసు."

"తెలుసా?"

"పెట్టెలో పెట్టేముందు తడిమాగా. కళ్లు పోయాయి గానీ వేళ్లు ఉన్నాయి కదే."

"మరి బజారంతా ఎందుకు చెప్పుకున్నావ్?"

"నేను చెప్పుకుంటుంటే నీకు సిగ్గేస్తుందని. ఏడాది పట్టింది" అంది అత్త. ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఇవ్‌రోజ్‌కి.

బాస్ లోపలికొచ్చాడు. "ఇంకా ఒక్క అక్షరమూ పడలేదేం? కారు కొండెక్కుతోంది!"

ఇవ్‌రోజ్ సూదిలోంచి దారం లాగేసింది. "నేను కుట్టను బాస్. బొమ్మ అత్తది. అత్త పేరైతే కుడతాను."

"ముసలిదాని పేరు చూసి కొనేదెవడు? మీ అందరికీ కూడు పెట్టేది నా పేరే, మర్చిపోకు."

మిర్లాండ్ ఇవ్‌రోజ్ వైపు తిరిగి అంది, "నీ తప్పు కడుక్కోడానికి మా కూలి పోవాలా ఏం?"

ఇవ్‌రోజ్ మనసేమీ తేలికపడలేదు. సముద్రానికి అవతల మ్యూజియం అద్దాల వెనక ఉన్న బాస్ పేరు తను కుట్టిందే. ఊడకుండా ముడి కూడా తనే వేసింది.

సందు చివర హారన్ మోగింది. బాస్ ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. మిర్లాండ్ కూడా చెయ్యి చాపలేదు. పన్నెండేళ్లుగా సూది ముట్టని మనిషి, సూది తీసుకుని వెలుతురుకేసి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నాడే?" అని అడిగింది అత్త. ఖాళీ మూల మీంచి ఆమె వేలు తీయలేదు.

"దారం ఎక్కిస్తున్నాడత్తా."

"ఎక్కిందా?"

"ఇంకా లేదు."