మూడు వేళ్ల కొలత

మేస్త్రి చెయ్యి పడితే గోడ వంకర పోదని పేరు. ఆయన కట్టిన గోడకు తూకం గుండు వేలాడదీసి చూడటం మొక్కుబడికే. బెత్తెడన్నా, జానన్నా ఆయన చేతి కొలతే ఆ పనిలో అందరికీ కొలత. అంతటి మనిషి, కూతురు బేసిన్‌లో తల పెట్టి కక్కుతుంటే వీపు నిమరడం తప్ప ఏమీ చేతకాక నిలబడ్డాడు.

పిల్లకు నెత్తురు కాన్సరు. తొమ్మిదేళ్లది. మంచం మీద ఒక్కచోట కుదురుగా ఉండదు గనక వార్డులో అందరూ ఉడత అంటారు. వైద్యం బాగానే సాగుతోందని డాక్టరమ్మ అంది గానీ, వాంతులు ఆపే మాత్రలు వేసినా, నరంలోకి ఎక్కించే ఆ కాన్సరు ఎర్రమందు ఎక్కిన రోజు పిల్ల కడుపులో మంచినీళ్లు కూడా నిలవవు.

మాత్రలతో పాటు ఇది కూడా చేసి చూడమని నర్సమ్మ ఒక కిటుకు చెప్పింది. మణికట్టు ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్లు కొలిచి, రెండు నరాల నడుమ బొటనవేలితో నొక్కాలట. తన చేతి మీద తన వేళ్లే పెట్టి చూపించింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. కొలతా, చేతిపనీ అంటే ఆయనకు ఒకరు చెప్పాలా?

మందు ఎక్కుతున్నంతసేపూ కూతురి రెండో చెయ్యి పట్టుకుని, సున్నంలో ఇటుక అదిమినట్టు అదిమాడు. పిల్ల పళ్లు బిగబట్టింది తప్ప కిక్కురుమనలేదు. వాంతులు మాత్రం ఎప్పటిలాగే అయ్యాయి. సాయంత్రానికి ఆ చోట నల్లగా కమిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

డాక్టరమ్మ గట్టిగానే కోప్పడింది. పిల్ల నెత్తురులో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయనీ, అవి పెరిగి తాను సరేననేదాకా ఆ చెయ్యి ముట్టుకోవద్దనీ అంది. మేస్త్రి తల దించుకున్నాడు. ఇన్నేళ్ల పనిలో ఆయన చేతికి వంక పెట్టినవాళ్లు లేరు.

ఇంటికి రాగానే ఉడత ఇంకో బాంబు పేల్చింది. ఇక ఆ ఆస్పత్రికి రానంది. వాళ్లమ్మ బతిమాలింది, బెదిరించింది, చివరికి ఏడ్చింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. సగంలో ఆపిన వైద్యం పైకప్పు వెయ్యని ఇల్లులాంటిదని మేస్త్రికి తెలుసు. అయినా పిల్లకు నచ్చజెప్పే పని వాళ్లమ్మకే వదిలేశాడు. దగ్గర కూర్చునేవాడే గానీ, చేతులు రెండూ తువ్వాలు కింద దాచుకునేవాడు.

అలా నాలుగు రోజులు చూసి ఉడతే అడిగింది.

"నా చెయ్యి ఎందుకు పట్టుకోవట్లేదు నాన్నా?"

"ఇవి ఇటుకలు మోసే చేతులమ్మా. నీకు పనికిరావు."

పిల్లకు కోపమొచ్చింది. నర్సమ్మ ఏం చెప్పిందో మళ్లీ చెప్పమంది. చెప్పాడు.

"మూడు వేళ్లంటే ఎవరి వేళ్లు?"

"ఎవరివైతే ఏంటే, కొలత కొలతే."

"చెయ్యి నాదా, నీదా?"

ఉడత తండ్రి వేళ్లు లాక్కుని తన చేతి మీద పెట్టుకుంది. దుంగల్లాంటి మూడు వేళ్లకు దాని ముంజేయి దాదాపు సగం మూసుకుపోయింది. పక్కనే తన మూడు వేళ్లు పేర్చింది. అసలు చోటు మణికట్టుకు ఎంతో దగ్గర్లో ఉంది. మేస్త్రి తన వేళ్లు తీసి, మళ్లీ పెట్టి కొలిచి చూశాడు. వాళ్లమ్మ చాలా రోజుల తర్వాత నవ్వి, ఊరందరి గోడలూ కొలిచినాయనకు ఇంట్లో పిల్ల కొలత తెలియలేదని దెప్పింది.

"మరి ఎంత నొక్కాలి?" అన్నాడు మేస్త్రి, పని నేర్చుకోవడానికి వచ్చినవాడిలా.

"గోడకి పూత పూశాక ఆరిందో లేదో ఎలా చూస్తావు?"

"వేలు ఆనిస్తాను. అచ్చు పడకూడదు."

"అలాగే. నేను చెప్పినట్టు నొక్కుతానంటేనే వస్తాను."

తర్వాతి విడతకు నెత్తురు పరీక్ష బాగా వచ్చింది. డాక్టరమ్మ చెయ్యి చూసి, మెల్లగా అయితే సరేనంది. నర్సమ్మ చోటు చూసి అదేనంది. ఎర్రమందు గొట్టంలోకి దిగుతుంటే ఉడత కళ్లు మూసుకుని హుకుం జారీ చేస్తూనే ఉంది. ఇంకొంచెం కిందకి, ఇంకొంచెం మెత్తగా, ఇప్పుడు ఊరికే ఉంచు. మేస్త్రి చెమటలు కక్కుతూ చెప్పింది చెప్పినట్టు చేశాడు.

వాంతి అసలు రాలేదని కాదు, ఒకసారి వచ్చింది. కానీ నోరు కడుక్కుని వచ్చి, పిల్ల రొట్టెముక్క అడిగింది. తింది. ఇమిడింది కూడా. మాత్ర పనో, వేలి పనో తేల్చి చెప్పలేనని నవ్వి, రెండూ మానొద్దంది డాక్టరమ్మ.

పక్క మంచం తల్లి ఇదంతా చూస్తూనే ఉంది. తన కొడుక్కీ ఎలా చెయ్యాలో చెప్పమని మేస్త్రిని అడిగింది. ముందు డాక్టరమ్మని అడగమన్నాడు మేస్త్రి. తర్వాత మీసం దువ్వుకుంటూ కూతురి వైపు చూపించాడు.

"పని నేర్పమని ఆవిణ్ణి అడగమ్మా. ఇక్కడ మేస్త్రి ఆవిడ. నేను కూలీని."

ఉడత రొట్టె నములుతూ తండ్రి బొటనవేలు తిప్పి చూసింది.

"వచ్చేసారికి గోరు కత్తిరించుకో," అంది.

అలాగేనమ్మా అన్నాడు మేస్త్రి. ఇంటి దగ్గరున్న వాళ్లమ్మకు ఫోను చేసి, పిల్ల వచ్చేసారి మాట తనంతట తానే ఎత్తిందని ముందు అదే చెప్పాడు.