బండి కూసినప్పటి పోగు

జయరావు ఇచ్చిన పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాను. మదరాసు కాలేజీలో నాతో చదివిన స్నేహితుడు. ఆ సాయంత్రం రైలుబండిలో మా నగరి మీదుగా పోతాడు. స్టేషన్లో తిరిగి ఇచ్చేయాలి.

నా భార్య వనజాక్షి పోయిన ఆరు నెలలకు తెచ్చి ఇచ్చాడు దాన్ని. సుఖం బయట దొరికేది కాదనీ, మనసుకు నేర్పితే వచ్చేదనీ బుద్ధుడు చెప్పిన సంగతి అందులో ఉంది. ఊపిరిని గమనిస్తూ కూర్చోవాలి. మనసు పోతే తిరిగి తెచ్చుకోవాలి. నలభై రోజులు కూర్చున్నాను. పది ఊపిరులు దాటలేదు. ప్రతిసారీ మనసు అక్కడికే పోతుంది. జ్వరంలో ఆమె, "రోంతసేపు ఈడ కూర్సోండి" అంది. "ఇంకా పది పేపర్లే" అని నేను వసారాలోకి వెళ్లి బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. వచ్చేసరికి ఆమెకు మాట పడిపోయింది. అది గుర్తు రాగానే లేచిపోతాను. ఆమెను తలుచుకుని పారిపోకుండా ఉండగలిగితే చాలు. అదీ నా వల్ల కాలేదు.

ఆ ఉదయం పక్కింటి గురప్ప పిలిచాడు. నేతపనివాడు. యుద్ధం వల్ల రెండు నెలలకు గానీ నూలు రాలేదు. మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగులోని నిలువు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. కొసలు అందించే అతని భార్య కుప్పమ్మకు వేడి గంజి పడి చేయి కాలింది.

"రోంత అందిస్తారా అయివోరా?"

"ఆయన చేతికి సుద్దముక్క తప్ప ఏమి ఆనుతాది?" అంది కుప్పమ్మ లోపలినుంచి.

నేను అందిస్తుంటే అతను బూడిద అద్దిన వేళ్లతో అతుకుతున్నాడు. చూపు మందగించింది, పని అంతా వేళ్లదే. రెండు గంటలకు అంచు దగ్గరికి వచ్చాం. పాత తెల్లపోగు ఒకటి ఇంకా మిగిలి ఉంది. నా చేతిలో అప్పుడే కొత్త పడుగు అంచులోని ఎర్రపోగు. ఎక్కడో రెండు కొత్త తెల్లపోగులను ఒకే కొసగా అందించాను.

రెండు నెలలకు వచ్చిన నూలు. తిట్టు కోసం తల వంచుకున్నాను.

"మనసు యాడికో పోయినట్టుండాదే. ఎప్పుడు పోయిందో సెప్పండి సామీ."

"మదరాసు బండి కూసినప్పుడు."

"గుర్తుండాది కదా, సాలు." వెనక్కి తడుముతూ పోయి, లావుగా తగిలిన అతుకు దగ్గర ఆగాడు. "ఇదిగో. ఈడినుంచి ఇప్పితే సరి."

"కోపం రాలేదా?"

"పోగును తిడితే అతుక్కుంటాదా? నాకూ దినానికి పదిసార్లు పోతాది మనసు."

"పదిసార్లంట! పెండ్లయినప్పటినుంచి తిరిగొస్తే కదా" అంది కుప్పమ్మ.

నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో. ఇద్దరం విప్పి, మళ్లీ మొదలుపెట్టాం. నడుము విరిగినట్టయింది. కుప్పమ్మ ఎడంచేత్తో చిన్న చెంబు మజ్జిగ తెచ్చి నా పక్కన పెట్టింది.

సాయంత్రం బండి ఆలస్యం. స్టేషను బెంచీ మీద కళ్లు మూసుకున్నాను. నాలుగో ఊపిరికే వనజాక్షి. మంచం, జ్వరం, అదే మాట. లేవాలనిపించింది. పోయింది మనసు, అనుకున్నాను; తిట్టలేదు. ఊపిరికి వచ్చాను. మళ్లీ పోయింది. మళ్లీ వచ్చాను. బండి వచ్చేదాకా లేవలేదు. ఆమె మంచం దగ్గరే నేను కూర్చున్నట్టు అనిపించింది.

జయరావు కిటికీలోంచి చేయి చాచాడు. "పుస్తకం అయిందా?"

"ఇంకా కాలేదు" అన్నాను, సంచి తెరవకుండానే.